సాయంత్రం ఆరింటి అంకె

జూన్ 3

చంటీ,

నీకు నలభై రెండేళ్లు వచ్చినా నేను ఈ పేరుతోనే పిలుస్తాను. మీ ఆఫీసులో ఎవరైనా కవరు చింపి చదివితే నా పూచీ లేదు.

ముందు మంచి కబురు. ఆసుపత్రి వాళ్లు నన్ను సాయంత్రం ఓపీకి పూర్తిగా పెట్టుకున్నారు. ఇక బస్సుల కోసం పడిగాపులు పడనక్కర్లేదు. రోజూ ఆరు నుంచి తొమ్మిది దాకా మా ముందుగదిలో కంప్యూటరు ముందు కూర్చుంటే చాలు. అక్కడ వినపడని రోగి డాక్టరు ఎదురుగా కూర్చుంటాడు. వాళ్లిద్దరి మధ్య తెర మీద నేనుంటాను. ఆయన చేతులతో చెప్పింది నేను నోటితో డాక్టరుకి చెప్పాలి, డాక్టరు అన్నది చేతులతో ఆయనకి చెప్పాలి. అమ్మని బజారుకి తీసుకెళ్లినప్పుడల్లా మనిద్దరం చేసిన పనే. అప్పుడు జీతం లేదు, ఇప్పుడుంది.

ఇంట్లో నెట్ బాగుండాలన్నది వాళ్ల షరతు. మీ బావ "ఏదో ఒకటి పెట్టించు, అన్నీ ఒకటే" అన్నారు. ఆయనకి సబ్బు దగ్గర్నుంచి చెప్పుల దాకా అన్నీ ఒకటే. నేను మాత్రం దుకాణానికి వెళ్లి మూడు కంపెనీల లేబుళ్లు అడిగి తీసుకున్నాను. ప్రతి నెట్ ప్లానుకీ ఒక పేజీ లేబుల్ ఇవ్వాలని రూలు వచ్చింది కదా, స్పీడు మామూలుగా ఎంత అందుతుంది, మాట అటు వెళ్లి ఇటు రావడానికి ఎంతసేపు పడుతుంది, అన్నీ గళ్లు గీసి. ఎవరికి చెబుతున్నాను చూడు, ఆ కాగితం తయారుచేసేదే నువ్వాయె.

మందు సీసా మీది చీటీ వేలు పెట్టి చివరి అక్షరం దాకా చదివితే గాని అమ్మ మనకి చెంచాడు మందు పోసేది కాదు. చెవులు వినపడని ఆమెకి నోటిమాట చేరేది కాదు. అంగట్లో వాడు ఎంత తియ్యగా చెప్పినా ఆమెకి పట్టేది కాదు. కాగితం మీద ఏముందో అదే ఆమెకి నిజం. నేనూ అలాగే వేలు పెట్టి చదివాను. మీ కంపెనీ లేబుల్లో మామూలుగా అందే స్పీడు వంద అని ఉంది. మిగతా ఇద్దరూ నలభై దగ్గరే ఆగిపోయారు. నా పనికి ముప్ఫై చాలునట, కానీ వంద ఉండగా నలభై ఎందుకు? దుకాణం అబ్బాయి వేరేది అంటగట్టబోతే, "ఇది మా తమ్ముడు రాసింది బాబూ" అన్నాను. వాడు వెంటనే ఫారం తీశాడు.

పై వాటాలో అద్దెకుంటున్న లెక్కల మాస్టారు గురించి రాశాను కదా. రిటైరయ్యాక సాయంత్రాలు పదకొండు మంది పిల్లలకి తెర మీద ట్యూషన్ చెప్పుకుంటున్నారు. నేను లేబుల్ చూపిస్తే, "మీ తమ్ముడుగారి చేతిదయితే ఇంకేం కావాలి" అని ఆయన కూడా అదే పెట్టించుకున్నారు.

మరదల్ని అడిగానని చెప్పు. జవాబు కాగితం మీదే రాయి, ఫోన్ చేయకు. ఫోన్లో అయిదు నిమిషాలు దాటితే మనకి పోట్లాటే. పెద్ద మాటలు రాసుకోవడమే మన ఇంటి అలవాటు.

నిన్ను చూసి మురిసిపోతున్న
అక్క


జూన్ 14

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఎవరూ చింపలేదు. కొత్త పని గురించి చదివి చాలా సంతోషించాను. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో.

లేబుళ్ల విభాగం అంటే నువ్వేదో ఊహించుకుంటున్నట్టున్నావు. జిరాక్సు మిషను పక్కన రెండు బల్లలు, అంతే. ఒకదాని మీద నేను, రెండోదాని మీద పాడైన ప్రింటరు. మా ఆఫీసరు గాజుగదిలోంచి ఇద్దరినీ ఒకేలా చూస్తుంటాడు. నేను రాసేదేమీ లేదు, గళ్లు నింపడమే. అంకెలు పైనుంచి వస్తాయి.

ప్లాను తీసుకునేముందు నన్నొక మాట అడగాల్సింది. అంత తొందరేమొచ్చింది? దుకాణాల్లో నా పేరు చెప్పకు, బాగుండదు. నెలలోపు నచ్చకపోతే తిప్పి ఇచ్చేయవచ్చు. ఆ నలభై కంపెనీ కూడా మరీ తీసిపారేసేది కాదు. ఆలోచించు.

ఇక్కడ మేం కులాసా. మీ మరదలికి మోకాలి నొప్పి తగ్గింది.

తమ్ముడు


జూన్ 29

తమ్ముడికి,

నీ పేరు చెప్పినందుకు తప్పయిపోయింది. ఇంత పెద్ద ఆఫీసులో పనిచేసేవాడికి, దుకాణంలో నిలబడి తమ్ముడు తమ్ముడు అనే అక్క ఉండటం నామోషీయే. నేనేమైనా ఊరికే ఇమ్మన్నానా? సిఫారసు చేయమన్నానా? నీ కంపెనీ మీద గౌరవంతో తీసుకుంటే, వేరే కంపెనీకి పొమ్మంటావా? మీ బావకి చదివి వినిపిస్తే, "వాడికేదో మొహమాటం ఉండి ఉంటుందిలే" అన్నారు. ఆయన అందరినీ వెనకేసుకొస్తారు, నన్ను తప్ప.

నిజం చెప్పాలంటే లైను బాగాలేదు. పొద్దున బంగారంలా ఉంటుంది. సరిగ్గా ఆరు దాటేసరికి మొదలవుతుంది. రోగి చెయ్యి సగం పైకెత్తి ఉండగానే బొమ్మ నిలబడిపోతుంది. నీకు చెప్పనక్కర్లేదు, మన భాషలో చెయ్యి ఆగితే మాట ఆగినట్టే. నోటితో మాట్లాడేవాళ్లకయితే బొమ్మ పోయినా గొంతన్నా వినిపిస్తుంది. నేను "మళ్లీ చెప్పండి" అని సైగ చేస్తాను. వాళ్లు పాపం మళ్లీ మొదలుపెడతారు. డాక్టరు గడియారం చూస్తాడు.

మీ కంపెనీకి ఫోన్ చేస్తే, "మీ గోడలు మందం అయ్యుంటాయండీ" అందొకమ్మాయి. ఆ నెట్ పెట్టెని బీరువా మీంచి తీసి కిటికీలో పెట్టాను. కిటికీలోంచి తీసి కుర్చీ మీద పెట్టాను. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లకి కూర్చోవడానికి చోటు లేదు.

తిప్పి ఇచ్చే గడువు ఇంకా మూడు రోజులుంది. ఇవ్వను. నువ్వు ఇచ్చేయమన్నావు కాబట్టే ఇవ్వను. లోపం ఎక్కడుందో చెప్పు, సరిచేసుకుంటాను.

అక్క


జూలై 8

అక్కా,

నామోషీ ఏమిటి? నువ్వలా రాస్తే నాకు అన్నం సహించలేదు. నా ఉద్దేశం అది కాదు. ఏదో తొందరలో రాశాను, మనసులో పెట్టుకోకు.

లైను సంగతి. సాధారణంగా ఇలాంటివి ఇంట్లోనే ఉంటాయి. గోడలు కారణం కావచ్చు. లోపలి వైరు పాతదయితే మార్పించు. కంప్యూటరుకి గాలితో కాకుండా తీగతో కలుపు. ఇవేవీ కాకపోతే, ఇంకెవరైనా నీ లైను వాడుకుంటున్నారేమో చూడు. సాయంత్రాలు మాత్రమే తగ్గుతోందంటే, సాయంత్రాలు వాడేవాళ్లెవరో ఉన్నారన్నమాట. పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చావేమో గుర్తుచేసుకో.

మా లేబుల్లో అంకె కొలిచి వేసిందే. అందులో సందేహం లేదు.

ఒంట్లో జాగ్రత్త.

తమ్ముడు


జూలై 20

చంటీ,

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు సంగతులు జరిగాయి. రెండూ చెప్పుకోదగ్గవి కావు.

మొదటిది మాస్టారి సంగతి. నువ్వన్నది చదివాక నాకు తట్టింది. ఆయన లైను వచ్చేదాకా రెండు రోజులు మా పాస్‌వర్డ్ ఇచ్చాను. సాయంత్రం ఆరింటికే ఆయన ట్యూషన్ కూడా. వెంటనే పాస్‌వర్డ్ మార్చేశాను. అయినా అంతే. లెక్కలు వచ్చినవాడు కదా, ఎలాగో కనిపెట్టేసి ఉంటాడనుకున్నాను. బుధవారం ఆయన మెట్లు దిగుతుంటే అడిగేశాను. మామూలుగా అడిగినా బాగుండేది. "సొంత లైను ఉందని చెప్పి మా లైను మీద బతకడం పెద్దమనిషి తరహానా?" అన్నాను. కింద ఇద్దరు పిల్లల తల్లులు ఫీజు గురించి మాట్లాడటానికి నిలబడి ఉన్నారు. నేను చూడలేదు. చూసినా ఆగేదాన్ని కాదేమో.

ఆయన "అలాగాండీ" అని మళ్లీ మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. కూరగాయల సంచి చేతిలోనే ఉంది. బజారుకి వెళ్లకుండానే తిరిగి వెళ్లిపోయారు.

రెండోది శుక్రవారం. ఓపీకి ఒక వడ్రంగి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, పుట్టుకతోనే వినపడదు, రెండు వేళ్లకి చివర్లు లేవు. అలాంటి చేతుల మాట చూడటమే కొంచెం కష్టం. డాక్టరు ఒక ఇంజెక్షను పేరు చెప్పి, "ఇది ఇదివరకు పడిందా అడగండి" అన్నాడు. అడిగాను. ఆయన జవాబు చెబుతుండగా బొమ్మ నిలిచిపోయింది. తర్వాత ఇంజెక్షను ఇచ్చారు. అది ఆయనకి పడదు. ఒళ్లంతా పొంగిపోయి ఊపిరాడక రెండు రోజులు ఐసీయూ అద్దాల గదిలో ఉన్నాడు. ఇప్పుడు గండం గడిచింది.

నన్ను పనిలోంచి ఆపేశారు. విచారణ ఉంటుందట. లైను తప్పా మనిషి తప్పా అని తేలుస్తారు. మనిషి తప్పని తేలితే ఈ ఆసుపత్రే కాదు, ఇంకే ఆసుపత్రీ నన్ను పిలవదు. ఇరవై రెండేళ్ల పని చంటీ. నాకింకో పని రాదు.

ఆ శుక్రవారం సాయంత్రం మా వీధిలో లైను ఎలా ఉందో మీ కంపెనీ దగ్గర లెక్క ఉంటుంది కదా. ఒక్క కాగితం ఇప్పించు. నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

అక్క


జూలై 27

అక్కా,

చదివాను. 

అలాంటి కాగితాలు కంపెనీ బయటికి ఇవ్వదు. నేను అడిగినా ఇవ్వరు. కంప్యూటరు పాతదని, అది మొరాయించిందని చెప్పు. అది ఎవరూ కాదనలేరు.

మీ ఊళ్లో లైను చూసే మనిషి నాకు తెలిసినవాడు. నీ ఇంటికి పంపుతున్నాను. ఇక నీకు ఇబ్బంది ఉండదు.

తమ్ముడు


ఆగస్టు 9

చంటీ,

నీ పొట్టి ఉత్తరం చూసి మరదలికీ నీకూ ఏదో మాటా మాటా వచ్చిందనుకున్నాను. లేకపోతే నీకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మీ బావ చేత మరదలికి ఫోన్ కూడా చేయించాను. "ఆయన రాత్రిళ్లు సరిగ్గా పడుకోవడం లేదు, అడిగితే చెప్పరు" అందట. నా ఉద్యోగం గురించి బెంగ పెట్టుకున్నావనుకుని, నిన్ను అనవసరంగా కష్టపెట్టానే అని నేను ఏడ్చాను. అది కూడా నీకు తెలియాలి.

నువ్వు పంపిన లైన్‌మాన్ మంగళవారం వచ్చాడు. మంచివాడు, కాఫీ ఇస్తే కడుపులో మాట దాచుకోలేని రకం. స్తంభం ఎక్కి దిగి, "అయిపోయిందమ్మా, మీ ఒక్క ఇంటికే వేరే తీగ లాగాను. మీ తమ్ముడుగారు చెప్పారు కాబట్టి" అన్నాడు. సాయంత్రం చూస్తే బొమ్మ కదలకుండా ఆగిందే లేదు. నేను సంతోషపడాలి. "మరి మిగతావాళ్ల సంగతేమిటి?" అని అడిగాను. "ఈ వీధి మొత్తానికి ఉన్నది నలభై ఇళ్లకి సరిపోయే తీగ. రెండొందల ఇళ్లకి ఇచ్చారు. పొద్దున అందరూ పడుకుని ఉంటారు, బాగానే వస్తుంది. సాయంత్రం ఆరు దాటితే పది, పన్నెండు, అంతకు మించి రాదమ్మా" అన్నాడు. లేబుల్ తెచ్చి చూపించాను. "ఇదా? ఇది పొద్దున అయిదింటికి వీధి చివర తీగల డబ్బా దగ్గర కొలిచింది. సాయంత్రం ఇళ్లల్లో కూడా కొలిచి పంపాం. అది వీళ్లు వెయ్యలేదు" అన్నాడు.

వీళ్లు అన్నాడు. నీ పేరు చెప్పలేదు. మర్యాద తెలిసినవాడు.

నేను పైకి వెళ్లాను. మాస్టారి గది గోడకి అదే లేబుల్ మేకు కొట్టి ఉంది. పక్కన ఆయన లైనుకి కట్టిన రసీదులు, ఆయన సొంత లైనువి, తారీఖుల వారీగా గుచ్చి ఉన్నాయి. ఆయన పదకొండు మందిలో ఇప్పుడు నలుగురే మిగిలారు. ఆ నలుగురి ముఖాలూ తెర మీద కదలకుండా ఉన్నాయి. "మీదీ ఇలాగే ఉందా? ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను. "మీ తమ్ముడుగారు చేసిందని అంత ఇష్టంగా చూపించారు. ఎలా చెప్పమంటారండీ" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతులు జోడించాను, అంతే. జీవితమంతా ఇతరుల మాటలు చెప్పినదాన్ని, నా మాట ఒక్కటి చెప్పలేకపోయాను.

ఇంకొకటి. జూలై ఉత్తరంలో నీకు రాయనిది. వడ్రంగి జవాబు చెప్పేటప్పుడు బొమ్మ ఆగిపోయింది, నిజమే. మళ్లీ కదిలేసరికి ఆయన చేతులు ఒళ్లో ఉన్నాయి. చెప్పడం అయిపోయింది. నేను చూడలేదు. అప్పటికే వేరే ప్రశ్నలకి ఆయన్ని మూడుసార్లు మళ్లీ చెప్పించాను. డాక్టరు పెన్నుతో బల్ల మీద కొడుతున్నాడు. నాలుగోసారి అడగడానికి సిగ్గేసింది. "పడిందటండీ" అన్నాను. చూడని జవాబు చూసినట్టు చెప్పాను. ఈ సంగతి మీ బావకి కూడా తెలియదు.

విచారణ ఆగస్టు ఇరవై ఒకటిన. అక్కడ నా తప్పు నేను ఒప్పుకుంటాను. కంప్యూటరు మొరాయించిందని చెప్పను. కానీ ఆ సాయంత్రం లైను ఎలా ఉందో కూడా వాళ్లకి తెలియాలి. లేకపోతే రేపు ఇంకో వీధిలో ఇంకొకరు ఇలాగే కూర్చుంటారు.

నిజం రాయగలిగితే రాయి. లేకపోతే రాయకు.

అక్క


ఆగస్టు 17

అక్కా,

లేబుల్ నింపింది నేనే. అంకె వేసింది నేనే. పైనుంచి వస్తాయన్నది అబద్ధం.

మొత్తం చెబుతాను. లైన్‌మాన్లు కొలిచి పంపిన కాగితంలో రెండు వరసలుంటాయి. ఒకటి పొద్దున అయిదింటికి వీధి డబ్బా దగ్గర కొలిచింది. రెండోది సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఇళ్లల్లో కొలిచింది. మీ వీధికి మొదటిదాంట్లో వంద. రెండోదాంట్లో పన్నెండు. లేబుల్లో మాత్రం ఒక్కటే గడి ఉంటుంది, మామూలుగా అందే స్పీడు అని. ఏ వేళ కొలవాలో రూలులో స్పష్టంగా లేదు. నేను రెండు వరసలూ పట్టుకుని గాజుగదిలోకి వెళ్లాను. "రెండూ నిజమే కదయ్యా. ఏది వెయ్యాలో నీ ఇష్టం" అన్నాడు ఆఫీసరు. వంద వెయ్యమని ఆయన చెప్పలేదు. అక్కడే ఉంది కిటుకు. పన్నెండు వేసినవాడి బల్ల మరుసటి నెలకి ఎక్కడుంటుందో మా ఆఫీసులో అందరికీ తెలుసు.

మొదటి లేబుల్ నింపేటప్పుడు చెయ్యి ఆగింది. లేచి మంచినీళ్లు తాగి వచ్చి వంద అని వేశాను. రెండోదానికి ఆగలేదు. ఇప్పటికి మూడొందల పైన నింపాను.

నీ మొదటి ఉత్తరం ఆఫీసులోనే చదివాను. నువ్వు వేలు పెట్టి చదివానని రాసిన చోట ఆపి, ఉత్తరం మడిచి సొరుగులో పెట్టేశాను. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. అక్కా, ఆ అంకె నమ్మకు, తిప్పి ఇచ్చేయి. అది రాయలేక చుట్టూ తిప్పి ఏదేదో రాశాను. నీకు కోపం వచ్చింది. నీ కోపం చూసి, నిజం చెబితే ఇంకేమంటావో అని గోడల మీద తోశాను. గోడలు చాలక పక్కవాళ్ల మీదికి తోశాను. ఎవరో వాడుకుంటున్నారేమో అని రాసేటప్పుడు నా కళ్లముందు ఎవరూ లేరు. అందులోంచి మాస్టారు వస్తారని అనుకోలేదు. అనుకుని ఉంటే రాసేవాణ్ణి కాదని గట్టిగా చెప్పలేను.

నీ ఒక్క ఇంటికి తీగ లాగించింది నీ మీద ప్రేమతో కాదు. నువ్వు అడగడం ఆపేస్తావని.

చూడని జవాబు చూసినట్టు చెప్పానని రాశావు. నువ్వు ఒక్కసారి చేశావు, ఒప్పుకుంటానన్నావు. నేను రోజూ చేసి జీతం తీసుకున్నాను.

దీనితో ఆ రెండు వరసల కాగితం పెట్టాను. కింద నా సంతకం ఉంది. విచారణలో ఇవ్వు. నా ఉద్యోగం గురించి ఆలోచించకు.

నీ ముందు తల ఎత్తుకోలేని
తమ్ముడు


ఆగస్టు 28

తమ్ముడికి,

నీ ఉత్తరం నిన్న అందింది. పైన తేదీ ఆగస్టు పదిహేడు అని ఉంది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఇరవై నాలుగు. విచారణ ఇరవై ఒకటిన అయిపోయింది.

నువ్వు పదిహేడున రాశావంటే నమ్ముతాను. ఇరవై నాలుగున డబ్బాలో వేశావన్నది ముద్ర చెబుతోంది. రెండూ నిజమే కదా. ఏది పైన వెయ్యాలో నీ ఇష్టం.

అక్కడ ఏం జరిగిందో చెబుతాను. పొడుగాటి బల్లకి అటువైపు ముగ్గురు. ఇటు నేను, వడ్రంగి, ఆయన కోసం పిలిపించిన కొత్త ఇంటర్‌ప్రెటర్ అమ్మాయి. వడ్రంగి బాగా చిక్కిపోయాడు. వాళ్లింకా కాగితాలు సర్దుకుంటుండగానే ఆయన నావైపు తిరిగి చేతులతో నేరుగా అడిగాడు. "పడదని రెండుసార్లు చెప్పాను. నువ్వు చూడలేదా?" అని. నేను చేతులతోనే చెప్పాను, "చూడలేదు. చూశానని చెప్పాను" అని.  ఆ కొత్తమ్మాయి మా ఇద్దరి మాటలూ పైకి చెప్పింది. నా తప్పు ఇంకొకరి నోట వినడం అదే మొదటిసారి.

లైను సంగతి కూడా చెప్పాను. "ఆధారం ఉందా?" అన్నారు. లేబుల్ ఇచ్చాను. నా దగ్గర అదొక్కటే ఉంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇందులో వంద అని ఉందే. దీని ప్రకారం మీ లైను చాలా బాగుందమ్మా" అన్నాడు. మనిషి నిర్లక్ష్యం అని రాసుకున్నారు. నన్ను ఇంటర్‌ప్రెటర్ల జాబితాలోంచి తీసేశారు.

నేను చేసింది తప్పే. శిక్ష పడాల్సిందే. కానీ నువ్వు వేసిన అంకె నా తరఫున కాదు, నాకు ఎదురుగా సాక్ష్యం చెప్పింది. నేను దాన్ని నా చేతులతో వాళ్లకి అందించాను.

మాస్టారు ఆ రోజు నాతో ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చారు. నేనడగలేదు. 

అక్క


సెప్టెంబరు 13, రాత్రి ఎనిమిది

అక్కా,

ఇది మీ ఊరి స్టేషన్లో, ప్లాట్‌ఫారం మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడే డబ్బాలో వేసి బండెక్కుతాను.

ఆ ఉత్తరం ఏడు రోజులు నా సంచిలో ఉంది. రోజూ పోస్టు డబ్బా పక్కనుంచే నడిచాను. రోజూ రేపు అనుకున్నాను. ఇరవై ఒకటో తేదీ దాటాక, ఇక దానివల్ల నీకూ లాభం లేదు, నాకూ నష్టం లేదు అని తేలాక, డబ్బాలో వేశాను. 

నీ ఉత్తరం అందిన రోజే రెండు వరసల కాగితాలు, మీ వీధివి మాత్రమే కాదు, మూడొందలూ, లేబుళ్ల రూలు చూసే ప్రభుత్వ ఆఫీసుకి పంపాను. ఆసుపత్రి విచారణ వాళ్లకి మీ వీధిది పంపాను. లేబుల్ నింపింది నేనేనని పేరుతో రాశాను. నిన్న నా బల్ల ఖాళీ చేయించారు. ఆసుపత్రి వాళ్లు ఇంకా ఏమీ రాయలేదు. ఆ ఇంజెక్షను విషయంలో నీ మీద పడ్డ మాట దీంతో పోదని నాకు తెలుసు.

ఈ సాయంత్రం ఆరింటికి మాస్టారి దగ్గరికి వచ్చాను. నేనెవరో చెప్పాను. తలుపు వేసేస్తారనుకున్నాను. "ట్యూషన్ టైమయింది, కూర్చోండి" అన్నారు. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టారు. గంటసేపు చూశాను. పిల్లలు ముగ్గురే. ఒక పాప ఏదో సందేహం అడగడానికి చెయ్యెత్తింది. అలాగే నిలిచిపోయింది. మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఆ పాప కదిలేదాకా ఎదురుచూశారు. విసుక్కోలేదు. గంటలో పధ్నాలుగు సార్లు ఎదురుచూశారు. నేను లెక్కపెట్టాను. చివర్లో క్షమించమని అడిగాను. "నాకు చెబితే ఏముందండీ, కింద చెప్పండి" అన్నారు.

కిందికి దిగాను. మీ ముందుగదిలో దీపం వెలుగుతోంది. బావ దగ్గు వినిపించింది. తలుపు దాకా వచ్చాను. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా మిగతా మెట్లు దిగి వచ్చేశాను. ముఖం చెల్లలేదక్కా.

బండి వస్తోంది.

తమ్ముడు


సెప్టెంబరు 16

చంటీ,

అమ్మకి వినపడదు గనక చిన్నప్పుడు ఇంట్లో ఎవరు వచ్చారో ఎవరు వెళ్లారో కనిపెట్టి చెప్పే పని నాది. మెట్ల మీద నీ అడుగు నాకు తెలియకుండా ఉంటుందా? పైకి ఎక్కేటప్పుడే తెలిసింది. ట్యూషన్ అయ్యేదాకా ముందుగదిలోనే కూర్చున్నాను. నువ్వు దిగి మా గుమ్మం ముందు ఆగావు. నేను లేచి తలుపు దగ్గరికి వచ్చాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను.

తియ్యలేదు. నిన్ను చూడటం ఇష్టం లేక కాదు. తలుపు తీస్తే ముందు ఏమనాలో తెలియలేదు. మాస్టార్ని మెట్ల మీద నానా మాటలూ అన్నదాన్ని, వడ్రంగి మాట చూడకుండా చెప్పినదాన్ని, నిన్ను ఏ ముఖంతో నిలదీయను? నాకూ సిగ్గేసింది. నీ అడుగులు కింది దాకా వెళ్లిపోయేవరకూ అలాగే నిలబడ్డాను.

ఆదివారం ఇంట్లోనే ఉంటాను. వచ్చి తలుపు కొట్టు. నేను తీస్తాను.

అక్క